పలక మీద లెక్క

పిల్లలూ! కొత్త లెక్కను ముందు పలక మీద వేసి చూస్తాం. తప్పయితే తుడిపేస్తాం, నోటుపుస్తకం పాడు కాదు. కంప్యూటరుకు కూడా ఇటువంటి పలక ఉన్నది.

బడిపిల్లల మార్కులన్నీ దాచివుంచే చిట్టా వంటిదే డేటాబేస్. అందులో మార్కులు రాసే, కొట్టివేసే ప్రోగ్రామును పరీక్షించాలి. అసలు చిట్టా మీదనే పరీక్షిస్తే? ఒక్క పొరపాటుతో అందరి మార్కులూ మాయం!

2000లో అమెరికాలో రిచర్డ్ హిప్ తయారుచేసిన ఎస్‌క్యూలైట్‌లో దీనికొక ఉపాయం ఉన్నది. ఫైలు పేరుకు బదులు "మెమరీ" అనే గుర్తు ఇస్తే, డిస్కు మీద కాక కంప్యూటరు జ్ఞాపకంలోనే ఖాళీ డేటాబేస్ తెరుచుకుంటుంది. మూయగానే మాయమవుతుంది!

అయితే ఒక చిక్కు. ప్రోగ్రాము లోపల అసలు చిట్టా పేరే రాసివుంటే, అది ఎప్పుడూ దాన్నే తెరుస్తుంది. పలక ఇచ్చినా పుచ్చుకోదు. అందుకని దాన్ని తిరగరాస్తారు. ఇక చిట్టాను అది వెతుక్కోదు, పని చెప్పినవారే చేతికిస్తారు. పరీక్షనాడు పలక, పనినాడు చిట్టా.

ప్రతి పరీక్షకూ కొత్త పలకే! పాత లెక్క మరక కొత్త లెక్కకు అంటకూడదు కదా.