రెంటికీ చెడిన రేవడి కాదండీ!

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఇంటర్ అయిన ఆడపిల్ల "డిగ్రీలో హిస్టరీ, కెమిస్ట్రీ రెండూ చదువుతా" అంటే ఇంట్లో ఏమంటారు? "రెంటికీ చెడిన రేవడివి అవుతావే!"

ఎందుకు అవుతుందండీ? సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాల కథ చెప్పడానికి చరిత్ర కావాలి. ఆ సున్నపురాయి పాడవకుండా కాపాడడానికి కెమిస్ట్రీ కావాలి. మన ఫ్లోరైడ్ నీళ్ల సంగతీ అంతే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. పటిక ఎంత వెయ్యాలో చెప్పేది కెమిస్ట్రీ. రోజూ ఆ బిందె దగ్గర కూర్చునే ఓపిక ఏ ఆడదానికి ఉంటుందని అడిగేది సోషియాలజీ.

"మరి ఉద్యోగం?" అంటారు. గ్రూప్-1కి ఏ డిగ్రీ అయినా చాలు. పైగా మెయిన్స్‌లో చరిత్రా రాయాలి, సైన్సూ రాయాలి. పరీక్షకు పనికొచ్చే జోడీ డిగ్రీకి పనికిరాదా? ఎమ్మెస్సీ చేయాలనుకుంటే దానికి ఏ సబ్జెక్టులు అడుగుతారో ముందే చూసుకోవాలి, నిజమే. అది జాగ్రత్త పడాల్సిన విషయం, మానుకోవాల్సిన కారణం కాదు.

2020 జాతీయ విద్యావిధానం కూడా కలిపి చదవమనే అంటోంది. కానీ రెండు క్లాసులూ ఒకే గంటకు పెడితే, లెక్చరర్ లేకపోతే, ఆ మాట కాగితం మీదే ఉంటుంది. అందుకే దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి అడగండి: ల్యాబ్ ఉందా? రెండింటికీ లెక్చరర్లున్నారా?

నిలదీయాల్సింది కాలేజీని. పిల్లని కాదు.