విచారణ లేని తొలగింపు

మన రాజపాళయమున అంగడి యజమానియు గుమాస్తాయు పెక్కుచోట్ల బంధువులో, ఒకే వీథివారో అయియుందురు. అందుచేత ఇరువదియేండ్లు పద్దులు వ్రాసిన పెద్ద గుమాస్తాను "రేపటినుండి రావలదు" అని నోటిమాటతో పంపివేయుట ఇంటి వ్యవహారమని కొందఱు తలంతురు. అది సరికాదు. కారణము చెప్పక పంపినవానిని ఊరు దొంగగా తలంచును. మఱియొక అంగడి చేర్చుకొనదు.

1947లో చేయబడి నేటికిని అమలులోనున్న తమిళనాడు దుకాణముల, సంస్థల చట్టము 41వ సెక్షను ప్రకారము, ఆరు మాసములు ఎడతెగక పనిచేసినవానిని తగిన కారణము లేక తొలగింపరాదు. నెల దినముల నోటీసుగాని, బదులు జీతముగాని ఈయవలయును. దుష్ప్రవర్తన ఆరోపించినచో నోటీసు అక్కఱలేదు. కాని విచారణ జరిపి, సాక్ష్యమును నమోదుచేసి రుజువు చేయవలయును. తొలగింపబడినవానికి అప్పీలు హక్కు కలదు.

కావున ఆరోపణను వ్రాతమూలముగా ఈయుడు. ఇంట తెలుగు పలికినను తమిళమే చదువువారు మనలో పలువురు. అతడు చదువగల భాషలోనే ఈయుడు. సమాధానమునకు గడువు నొసగుడు. సాక్షులను అతని యెదుటనే విచారింపుడు. ఫిర్యాదు చేసిన యజమాని తానే తీర్పరి కాక, బజారు పెద్దనొకనిని కూర్చుండబెట్టుకొనుట మేలు. తప్పు రుజువైనను, శిక్ష నిర్ణయించుటకు ముందు అతని పూర్వసేవను తలపోయుడు. చుట్టరికము విచారణకు బదులు కాజాలదు.