బడి పుట్టినది శిలాఫలకం నాడేనా?



పల్లెటూరి బడి చరిత్ర చెప్పమంటే భవనానికి తాపడం చేసిన శిలాఫలకం చూపి ఊరుకోవడం మనకు పరిపాటి అయింది. ఇది తప్పు. శంకుస్థాపన నాడు పుట్టేది గోడ, బడి కాదు.

మనూరునే తీసుకోండి. ఈ నారాయణఖేడ్ సీమ 1956 దాకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజనతో మెదకులో చేరింది. 2016లో సంగారెడ్డి జిల్లా పాలయింది. నిజాం ఏలుబడిలో సర్కారు దస్త్రాలు ఉర్దూలో, సంవత్సరాలు ఫసలీలో ఉండేవి. తెలుగు చదువు చాలావరకు వీధిబడి పంతులు చలవ. ఆ దుఃస్థితి నుండే ఆంధ్రోద్యమం పుట్టింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగినది ఇదే మెదకు సీమలోని జోగిపేటలోనే.

తెలుగులో కాగితం దొరకలేదు కనుక 1956కు మునుపు చదువే లేదనడం ఏమి న్యాయం? "ఉర్దూ మనది కాదుగదా" అనేవారికి నా జవాబు ఒక్కటే: అందులో వ్రాసి ఉన్న పిల్లల పేర్లు మనవే! ఉర్దూ చదివిన పెద్దలు ఊరూరా ఇంకా ఉన్నారు. వారిని ప్రక్కన కూర్చోబెట్టుకుని పాత రిజిస్టర్లు విప్పండి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. ఎక్కాలు వచ్చినవారికి అదేమంత కష్టం?

మనం చదవకపోతే చెదలు చదువుతుంది. అది ఏ భాషనూ వేరుచేసి చూడదు.