కుబర్‌నెటీస్ సరే, మన పిల్లలు ప్రశ్న అడిగే చోటేది?

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు ఎక్కడ విన్నా డెవాప్స్ మాటే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద, ప్లేస్‌మెంట్ నోటీసుల్లో, విద్యార్థుల రెజ్యూమేల్లో డాకర్, కుబర్‌నెటీస్ పేర్లు కనిపిస్తాయి. నేను ఆ పాఠాలు చెప్పే బతుకుతున్నాను కాబట్టి వాటి మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ కొన్నేళ్లుగా ఒక సంగతి గమనిస్తున్నాను. మన దళిత, ఆదివాసీ విద్యార్థులు కమాండ్లు నేర్చుకోవడంలో ఎవరికీ తీసిపోరు. చేసిన పని పాడైనప్పుడు మాత్రం నలుగురి ముందు ‘ఇది ఎందుకు నడవడం లేదు’ అని అడగలేక ఆగిపోతారు. సాంకేతిక విద్యలో కులం నాకు కనిపించేది ఆ మౌనంలోనే. అందుకే కంటైనర్లను నడిపే వేదికలనూ, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు పొందే వేదికలనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. రెండింటినీ మనం ‘ప్లాట్‌ఫామ్’ అనే పిలుస్తాం. అవి మనిషిని చూసే తీరు మాత్రం ఒకటి కాదు.

ముందు మొదటిది. ఒక ప్రోగ్రామ్‌ను, అది నడవడానికి కావలసిన సరంజామాతో సహా మూటగట్టి పెడితే అది కంటైనర్. పెద్ద సంస్థల్లో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ఏది ఏ యంత్రం మీద నడవాలి, ఎన్ని కాపీలు ఉండాలి, ఒకటి చస్తే ఏం చేయాలి అన్నది చూసుకునేదే ఆర్కెస్ట్రేషన్ ప్లాట్‌ఫామ్. డాకర్ స్వార్మ్, నోమాడ్, మెసోస్ అన్నీ ఈ కోవలోవే. చివరికి రాజ్యం కుబర్‌నెటీస్‌కు దక్కింది. గూగుల్ దాన్ని 2014లో ప్రకటించింది, 2015 జూలైలో 1.0 విడుదల చేసి, క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌కు అప్పగించింది. దాని పద్ధతి సులభంగా అర్థమవుతుంది. మనకు కావలసిన స్థితిని ఒక ఫైల్లో రాసిస్తాం: ‘ఐదు కాపీలు ఉండాలి.’ పైనున్న కంట్రోల్ ప్లేన్ కోరుకున్న స్థితినీ ఉన్న స్థితినీ పోల్చుకుంటూ తేడా వస్తే సరిచేస్తుంది. ఒక పాడ్ పోతే ఇంకో పాడ్ వస్తుంది. ప్రాధాన్యం ఎక్కువున్న పాడ్‌కు చోటు చాలకపోతే, తక్కువ ప్రాధాన్యం ఉన్నదాన్ని ఖాళీ చేయిస్తుంది. పాడ్‌ను ఎవరూ అడగరు. అడగక్కర్లేదు కూడా. దానికి సొంతూరు లేదు.

రెండోది సరిగ్గా ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. జోయెల్ స్పోల్స్కీ, జెఫ్ అట్‌వుడ్ 2008లో పెట్టిన స్టాక్ ఓవర్‌ఫ్లోలో తొలి అడుగు ఎవరో ఒకరి తెలియనితనం. ‘నేనిలా చేశాను, ఈ ఎర్రర్ వచ్చింది’ అని ఒకరు రాస్తారు. ముక్కూ మొహం తెలియని మరొకరు జవాబిస్తారు. ఆ ప్రశ్నా జవాబూ అందరికీ కనిపించేలా అక్కడే ఉండిపోతాయి, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తాయి. కుబర్‌నెటీస్ అధికారిక పత్రాలు కూడా ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు స్టాక్ ఓవర్‌ఫ్లోను చూపిస్తాయి. అంటే కింది నుంచి ప్రశ్నే అవసరం లేని ఆ యంత్రం, మనుషులు సిగ్గు విడిచి అడిగిన లక్షల ప్రశ్నల మీద నిలబడి ఉంది. యామల్ ఫైల్లో రెండు ఖాళీలు తేడా వచ్చి రోజంతా పోగొట్టుకున్న ఇంజనీర్‌ను ఎవరినైనా కదిపి చూడండి, తనను గట్టెక్కించింది ఎవరో చెబుతారు.

1936లో ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ చూపించిన విషయం మనకందరికీ తెలిసిందే. కులం పనిని విభజించి ఊరుకోదు. పనిచేసే మనుషులను విభజించి, ఒకరి మీద ఒకరిని మెట్లుగా నిలబెడుతుంది. కుబర్‌నెటీస్‌ను కులంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అందులో ఒక పాడ్ పోతే దాని బదులు వచ్చే పాడ్‌ను షెడ్యూలర్ ఇంకో యంత్రం మీద పెట్టగలదు, కులం ఎవర్నీ పుట్టిన మెట్టు మీంచి కదలనివ్వలేదు. నా ప్రశ్న వేరు. ఏ ఏర్పాటులో అట్టడుగున ఉన్నవారి మాట పైకి వినిపిస్తుంది? కులం మన చేతుల్లోంచి రెండు లాక్కుంది. ఎక్కడ బతకాలి, ఏం పని చేయాలి అన్నది ఒకటి. ఎవరు అడగొచ్చు, ఎవరు నేర్చుకోవచ్చు అన్నది రెండోది. శంబూకుడి కథ, ఏకలవ్యుడి కథ ఈ రెండోదాని గురించే. రిజర్వేషన్లు మనల్ని క్లాసురూమ్ లోపలికి తెచ్చాయి. అక్కడ గొంతు విప్పే ధైర్యానికి మాత్రం రోస్టర్ లేదు.

ఇది గాలి కబురు కాదనడానికి బాసగూడను చూద్దాం. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా, ఉసూర్ బ్లాక్‌లో తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరది. అదే నీరు కిందికి దిగి మన చర్ల మండలం మీదుగా గోదావరిలో కలుస్తుంది. అక్కడి సంతలో కోయ, తెలుగు, హల్బీ, హిందీ కలిసి వినిపిస్తాయి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. కొందరు అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చారు. వ్యాపారంతో కళకళలాడిన బాసగూడ కూడా బోసిపోయింది. నా వృత్తి భాషలో చెప్పాలంటే, దూరాన కూర్చున్న ఎవరో ‘కోరుకున్న స్థితి’ని రాశారు: జనం ఇక్కడ ఉండకూడదు, రోడ్డు పక్కన ఉండాలి. ఆ లెక్కకు సరిపోని ఊరిని సరిచేశారు. ఆ ఊరిని ఎవరూ అడగలేదు.

తర్వాత, బళ్లు మూతపడిన ఊళ్ల పిల్లల కోసం రోడ్ల వెంట పోర్టా క్యాబిన్లని పిలిచే ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. అవి లేకుంటే ఎంతోమంది పిల్లలకు చదువే ఉండేది కాదన్నది నిజం. ఆ పిల్లలు ఇంటికీ, తమ భాషకూ దూరంగా పెరిగారన్నదీ అంతే నిజం. ఇటు వచ్చిన గుత్తి కోయలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో కుల ధ్రువపత్రం కోసం, పోడు భూమి కోసం ఇప్పటికీ కాళ్లరిగేలా తిరుగుతున్నారు.

సర్వర్లను పేరు పెట్టి పెంచుకునే జంతువుల్లా కాకుండా మందలో పశువుల్లా చూడాలని మా రంగంలో ఒక పాత మాట ఉంది. పశువుల్ని మేపిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ పోలిక రుచించదు, మా మందలో ప్రతి ఆవుకూ పేరుంటుంది. యంత్రాల లోకం కూడా ఈ సంగతి ఒప్పుకోక తప్పలేదు. డేటాబేస్ లాంటి వాటికి జ్ఞాపకం ఉంటుంది, పేరుంటుంది, తనదంటూ ఒక డిస్క్ ఉంటుంది, ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కుదరదు. అందుకే 2016లో కుబర్‌నెటీస్‌లోకి స్టేట్‌ఫుల్‌సెట్ వచ్చింది. డేటాబేస్‌కు దక్కిన ఆ గుర్తింపు బాసగూడ మనిషికి దక్కలేదు.

మరి బాసగూడ చుట్టుపక్కల న్యాయం కాస్తయినా ఎక్కడ దొరికింది? ఎవరో ప్రశ్న అడిగిన చోట. నందినీ సుందర్, మరికొందరు 2007లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2011 జూలై 5న కోర్టు, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో ఆయుధాలిచ్చి యుద్ధంలోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఆ తలుపు 32వ అధికరణం. 1948 డిసెంబర్ 9న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అన్నిటికన్నా ముఖ్యమైనదని ఎంచి చెప్పిన అధికరణం అదే. దాని సారం ఏమిటి? రాజ్యాన్ని నిలదీసి అడిగే హక్కు.

2012 జూన్ 28 రాత్రి బాసగూడ పక్కనే ఉన్న సర్కేగూడలో భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వారిలో మైనర్లూ ఉన్నారు. చనిపోయింది మావోయిస్టులన్నారు అధికారులు. తాము విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామన్నారు గ్రామస్తులు. ‘మావాళ్లను ఎందుకు చంపారు’ అన్న వాళ్ల ప్రశ్న ఆగలేదు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019 డిసెంబర్‌లో బయటికొచ్చింది. చనిపోయినవారు మావోయిస్టులని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఒక్క ప్రశ్నకు జవాబు రావడానికి ఏడేళ్లు పట్టింది.

బస్తర్‌కు తనదైన ప్రశ్నోత్తరాల వేదిక కూడా ఉంది. జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర. ఇంటర్నెట్ లేకపోయినా, చదవడం రాకపోయినా ఒక మామూలు ఫోన్ నుంచి గోండీలోనో హిందీలోనో మాట రికార్డు చేయొచ్చు. చేతిపంపు పాడైందని, కూలీ డబ్బులు రాలేదని చెప్పొచ్చు. మోడరేటర్లు సరిచూసి వదులుతారు. విన్నవాళ్లు సంబంధిత అధికారికి ఫోన్ చేసి అడుగుతారు. వయసులో ఇది కుబర్‌నెటీస్ కంటే పెద్దది. మన సిలబస్‌లో మాత్రం దీనికి ఒక్క పేజీ లేదు.

అలాగని ప్రశ్నల వేదికలన్నీ సమానత్వపు లోకాలని నేను అనడం లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్తగా చేరినవారికి ఒక్క పాయింట్ ఉంటుంది. నచ్చిన జవాబుకు ఓటు వేయాలంటే 15 కావాలి. ఇతరుల పోస్టుల కింద వ్యాఖ్య రాయాలంటే 50, ప్రశ్నను మూసేయడానికి ఓటు వేయాలంటే 3000. ఇవి పుట్టుకతో వచ్చేవి కావు, సంపాదించుకునేవి. కానీ ముందుగా వచ్చినవాళ్లకూ, ఇంగ్లిష్ ఒడుపుగా రాసేవాళ్లకూ సంపాదన తేలిక. కొత్తవాళ్లకు, మహిళలకు, శ్వేతేతరులకు తమ వేదిక ఆదరణగా లేదని 2018లో ఆ సంస్థే ఒప్పుకుంది. ఇంగ్లిష్ కాక పోర్చుగీస్, స్పానిష్, రష్యన్, జపనీస్ భాషల్లో దానికి శాఖలున్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. మన తెలుగు వికీపీడియాలో చర్చా వేదిక పేరు రచ్చబండ. పేరు బాగుంది. కానీ ఊళ్లోని అసలు రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారో, వాడలోంచి వచ్చి ఎవరు దూరంగా నిలబడ్డారో మనకు తెలుసు. 1948 నవంబర్‌లో అంబేడ్కర్ రాజ్యాంగ సభలో గ్రామ వ్యవస్థను అంత కటువుగా విమర్శించింది ఊరికే కాదు. కాబట్టి వేదిక తెరిస్తే సరిపోదు. ఎవరు ముందు మాట్లాడతారు, ఎవరు ప్రశ్నను మూసేస్తారు అన్నది చూడాలి.

ఈ చర్చ ఇప్పుడే ఎందుకంటే, ఆ ఉన్న కాస్త చోటూ కుంచించుకుపోతోంది. 2021లో ప్రోసస్ అనే కంపెనీ స్టాక్ ఓవర్‌ఫ్లోను 180 కోట్ల డాలర్లకు కొన్నది. ఏళ్ల తరబడి ఉచితంగా జవాబులు రాసినవాళ్లకు అందులో వాటా లేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక అక్కడ కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. 2024 మేలో ఆ సంస్థ ఓపెన్‌ఏఐతో ఒప్పందం చేసుకుంటే, నిరసనగా తమ జవాబులను తీసేసిన కొందరి ఖాతాలను నిలిపివేశారు.

నా విద్యార్థులు ఇప్పుడు చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. అది నవ్వదు, ఇంటిపేరు అడగదు, తెలుగులో కూడా చెబుతుంది. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లకు ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ ప్రశ్న ఆమె ఫోన్‌లోనే ముగిసిపోతుంది. అదే ఇబ్బంది పడుతున్న ఇంకో పిల్లకు అది కనిపించదు. పదిమంది ఒకే చోట తడబడ్డారని తెలిస్తే తప్పు పాఠంలో ఉందని అర్థమవుతుంది. ఒక్కొక్కరూ విడిగా తడబడితే ఎవరికి వారు తామే మొద్దులమనుకుంటారు. కులం మనల్ని ఓడించింది కూడా ఇలా విడివిడిగా ఉంచే కదా! పైగా ఆ చాట్‌బాట్ నేర్చుకున్నది నలుగురిలో రాసిన మాటల నుంచి. 2011 జనగణన ప్రకారం 29 లక్షల మందికి పైగా మాట్లాడే గోండీకి ఎనిమిదో షెడ్యూల్లోనే చోటు లేదు. ఆ భాషలో రాయని ప్రశ్నలకు ఏ యంత్రం జవాబు నేర్చుకుంటుంది?

‘మావాళ్లకు కావలసింది ఉద్యోగం, మీ ప్రశ్నల సిద్ధాంతం కాదు’ అని కొందరు మిత్రులంటారు. ఉద్యోగం కావాల్సిందే. కానీ ఒకప్పుడు మెసోస్ నేర్చుకున్నవాళ్లు తర్వాత కుబర్‌నెటీస్ నేర్చుకోవాల్సి వచ్చింది, రేపు ఇంకోటి వస్తుంది. పనిముట్టు మారిన ప్రతిసారీ నిలదొక్కుకునేది అడగడం అలవాటైనవాళ్లే. సవర్ణ విద్యార్థికి ఆ అలవాటు ఇంట్లో, బంధువుల్లో, సీనియర్ల దగ్గర దొరుకుతుంది. మనవాళ్లకు దాన్ని సంస్థలే కల్పించాలి.

అందుకే విశ్వవిద్యాలయాలను, ఆర్జీయూకేటీల వంటి సంస్థలను, మన విద్యార్థి సంఘాలను కొన్ని పనులు అడుగుతున్నాను. ల్యాబుల్లో విద్యార్థులు తెలుగులో, కోయలో, వాళ్ల సొంత మాటలో అడిగే ప్రశ్నలను పేర్లు లేకుండా, అందరికీ అందేలా దాచండి. హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పుట్టిన మంచి ప్రశ్న పొద్దునకు మాయమైపోతోంది. ఆ వేదికకు మోడరేటర్లుగా మొదటి తరం విద్యార్థులనే పెట్టండి. జవాబు రాని ప్రశ్నలెన్నో ప్రతి సెమిస్టర్ చివర బోర్డు మీద రాయండి. జవాబుకు ఇచ్చినట్టే మంచి ప్రశ్నకూ మార్కులివ్వండి. వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు.

బాసగూడకు రోడ్డు వేశాం, టవర్ వేశాం అని ప్రభుత్వాలు లెక్కలు చెబుతాయి. అవి కావలసినవే. ఆ టవర్ కింద నిలబడి ఒక కోయ పిల్ల తన భాషలో అడిగిన ప్రశ్నకు ఎన్ని రోజుల్లో జవాబు వచ్చిందో కూడా ఆ లెక్కల్లో చేర్చమని మనం అడగాలి.

జై భీమ్.