అది ఎన్ని గజాల దూరం, బావా?

ఈ వారం మిక్సీల గురించి రాస్తానని మాటిచ్చిన సంగతి గుర్తుంది. వచ్చేవారం తప్పకుండా రాస్తాను. మధ్యలో మా బావ ఫోన్ చేశాడు మరి.

బావంటే మా మేనమామ కొడుకు. పుట్టి పెరిగింది మాచర్లలో. పండక్కి కోడిని కోస్తుంటే పెరటి గోడ దూకి పారిపోయిన ఘనుడు. పదేళ్లుగా అమెరికాలో, కొలరాడోలో ఉంటున్నాడు. అలాంటివాడు ఫోన్ చేసి, ''బావా, వేటకి దూరం కొలిచే లేజర్ మిషను కొనాలి. ఫోన్ల దగ్గర్నుంచి గీజర్ల దాకా అందరికీ చెబుతావుగా, నాకూ ఒకటి చెప్పు'' అన్నాడు. నాకు పొలమారింది.

మనదగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అడవి జంతువు మీద తుపాకీ ఎత్తితే జైలే. కొలరాడోలో అలా కాదు. లైసెన్సు తీసుకుని, వాళ్లు చెప్పిన సీజన్లో, చెప్పిన జంతువునే వేటాడొచ్చు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే ముందు వేట పాఠాలు నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తుపాకీ వేటగాడు కళ్లు చెదిరే నారింజ రంగో గులాబీ రంగో వేసుకోవాలి. పడగొట్టిన జంతువు మాంసాన్ని వృథాగా వదిలేసి రావడం కూడా నేరమే. ఇవన్నీ విన్నాక కూడా నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదనుకోండి. ''ఎందుకురా నీకివన్నీ?'' అన్నాను.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

ఆఫీసు మిత్రులతో కలిసి ఎల్క్ వేటకి వెళ్లాడట. ఎల్క్ అంటే దుప్పి జాతిదే, మన కణుజు కన్నా పెద్దది. సాయంత్రం లోయకి అవతలి గట్టు మీద ఒకటి కనిపించింది. ''మూడొందల గజాలుంటుంది'' అన్నాడు పక్కనున్నాయన. బావ ఆ లెక్కకే గురిపెట్టి కాల్చాడు. గుండు కాలికి తగిలింది. జంతువు కుంటుకుంటూ పైన్ చెట్లలోకి వెళ్లిపోయింది. మంచు మీద నెత్తురు చుక్కలు పట్టుకుని చీకటిపడేదాకా వెతికారు. రాత్రి మళ్లీ మంచు కురిసింది. పొద్దున్నే వెళితే ఒక్క జాడ మిగల్లేదు. మధ్యాహ్నం దాకా తిరిగి వచ్చేశారు. తర్వాత ఎవరిదో మిషనుతో అదే చోటు నుంచి కొలిస్తే తేలింది: 410 గజాలు.

''చెయ్యి వణకలేదు బావా. దూరమే తప్పు చెప్పుకున్నాం'' అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

నూట పది గజాలకే అంత తేడానా అని మీకూ అనిపించొచ్చు. (ఈ గజాలు మన ప్లాట్ల గజాలు కావు, పొడవు కొలిచేవి. క్రికెట్ పిచ్ 22 గజాలు. నాలుగొందల గజాలంటే పద్దెనిమిది పిచ్‌లు వరసగా పరిచినట్టు.) తుపాకీ గుండు గీత గీసినట్టు తిన్నగా పోదు. బయటికొచ్చిన క్షణం నుంచీ భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. బావ వాడే 308 రకం తుపాకీని 200 గజాలకు సరిచేసి పెడితే, 300 దగ్గర గుండు ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. 400 దగ్గర రెండడుగులు. 500 దగ్గర నాలుగడుగులు. అంటే 410లో ఉన్నదాన్ని 300 అనుకుంటే దాదాపు అడుగున్నర కిందికి తగులుతుంది. ఛాతీకి గురిపెడితే కాలు. పైగా కొండగాలి స్వచ్ఛంగా ఉంటుంది, మధ్యలో లోయ ఉంటే పోల్చుకోవడానికి చెట్టూ చేమా ఉండవు. దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. కళ్లను నమ్ముకోవడానికి అంతకన్నా చెడ్డ చోటుండదు.

మిషను పనిచేసే తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. మీట నొక్కితే కంటికి కనిపించని లేజర్ మెరుపు వెళ్లి, ఎదుటిదాన్ని తాకి వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం లెక్కగడుతుంది. నాలుగొందల గజాలు పోయి రావడానికి పట్టేది సెకనులో పదిలక్షల వంతుల్లో రెండున్నర వంతులు! 1969లో అపోలో 11 వ్యోమగాములు చందమామ మీద పెట్టొచ్చిన అద్దాలకు లేజర్ కొట్టి దూరం కొలిచేదీ ఇదే పద్ధతిలో. అక్కడికి వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు. ట్రాఫిక్ పోలీసులు మన బళ్ల వేగం పట్టే లేజర్ గన్ కూడా దీనికి దాయాదే.

ఇక కొనే సంగతి. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో 1800 గజాలనో, 2000 గజాలనో ఉంటుంది. చూసి మురిసిపోవద్దన్నాను. అది అద్దంలా మెరిసే వస్తువుల లెక్క. చెట్టుకు తక్కువ, జింకకు ఇంకా తక్కువ. బొచ్చు కాంతిని మింగేస్తుంది. 1800 అని రాసున్నది జింక మీద 900 చూపిస్తే గొప్పే. లోపలి కాగితంలో సన్నక్షరాల్లో 'జింక' అని విడిగా ఒక అంకె ఉంటుంది. కొనాల్సింది దాన్ని చూసి. మిట్టమధ్యాహ్నం ఎండలో, పొగమంచులో, వానలో ఆ అంకె కూడా తగ్గుతుంది.

రెండోది ఎవరూ అడగని సంగతి: కాంతి పుంజం వెడల్పు. టార్చిలైటులాగే దూరం వెళ్లేకొద్దీ లేజర్ కూడా విచ్చుకుంటుంది. దీన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు. ఒక మిల్లీరేడియన్ అంటే వెయ్యి గజాల దూరంలో ఒక గజం వెడల్పు. రెండు ఉంటే 500 గజాల దగ్గరే గజం వెడల్పవుతుంది. మనం జంతువు మీద చుక్క పెట్టామనుకుంటాం. కాంతి కాస్తా పక్కనున్న బండకో వెనకున్న గట్టుకో తగిలి, దాని దూరం చూపిస్తుంది. మిషను అబద్ధం చెప్పదు, వేరే వస్తువు గురించి నిజం చెబుతుంది. అందుకే పుంజం సన్నగా ఉన్నది చూడమన్నాను.

పక్కింటాయన గోల్ఫ్ ఆడే మిషను ఇస్తానన్నాడట. వద్దన్నాను. గోల్ఫ్‌వాళ్లకి ముందున్న జెండా కావాలి, వెనకున్న చెట్లు కాదు. కాబట్టి దగ్గరి వస్తువునే పట్టుకునేలా తయారుచేస్తారు. వేటలో ముందు గడ్డీ కొమ్మలూ, వాటి వెనక జంతువూ. ఉల్టా వ్యవహారం. రెండు పద్ధతులూ మార్చుకునే వీలుండాలి.

కొండల్లో ఏటవాలు లెక్క కూడా తప్పదు. ముప్పై డిగ్రీల వాలులో కంటికీ జంతువుకీ మధ్య 400 గజాలుంటే, గుండు పడిపోయే లెక్కకు అది 346 గజాలే. ఇప్పుడొచ్చేవాటిలో చాలావరకు దీన్ని వాటంతటవే సరిచేసి చూపిస్తాయి. జంతువులు బయటికొచ్చేది మసకవేళ కాబట్టి నల్లంకెలకన్నా ఎర్రగా వెలిగే అంకెలు మేలు. బ్యాటరీ చలికి నీరసపడుతుంది, ఇంకోటి లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకోవాలి. ధరంటారా, నూటయాభై డాలర్ల నుంచి మొదలై, బైనాక్యులర్‌తో కలిసినవైతే రెండు మూడు వేల దాకా పోతాయి.

అన్నీ చెప్పాక నాకో అనుమానమొచ్చింది. 900 గజాలు కొలిచేది చేతికొస్తే వీడు 900కి కాల్చడు కదా! ఈ మిషను గాలిని కొలవదు. గంటకు పది మైళ్ల అడ్డగాలి చాలు, 400 గజాల దగ్గర గుండు అడుగుకు పైనే పక్కకి పోతుంది. 500 గజాలు చేరడానికి అరసెకనుకు పైనే పడుతుంది, అంతలో జంతువు ఒక అడుగు వేసిందా, అయిపోయింది. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ తన మిత్రులతో కలిసి పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు కూడా, యంత్రాల అండతో మరీ దూరం నుంచి కాల్చడం న్యాయమైన వేట కాదంటోంది. వాళ్లేమీ శాకాహారుల సంఘం కాదు.

అదే అడిగాను బావని. ''మూడొందలు నా హద్దు. అంతకుమించి ఒక్క గజం చూపించినా తుపాకీ దించేస్తా. దానికే కొంటున్నా'' అన్నాడు. ఆ మాట కోసమే ఇదంతా రాశాను. లేకపోతే మిక్సీయే రాసేవాణ్ని.

కొన్నాడు. ఎర్రంకెలది, పుంజం సన్నగా ఉండేది, మరీ ఖరీదుది కాదు. సీజన్ ఇంకా మొదలుకాలేదు. సాయంత్రాలు కొడుకుని తీసుకుని పార్కుకెళుతున్నాడు. చెట్టునో దీపస్తంభాన్నో చూపించి ముందు ఇద్దరూ దూరం ఊహించాలి, తర్వాతే మీట నొక్కాలి. మొదటివారం బావ 220 గజాల చెట్టుని 150 అన్నాడట. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు: ''ఇవాళ కూడా మావాడే గెలిచాడు. 185 అన్నాడు. 188 వచ్చింది.''