అరుగు మీది సాక్ష్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ జీడితోటలోనైనా శవం కనిపిస్తే కాశీబుగ్గ నుంచి డీఎస్పీ బయల్దేరి వస్తారు. క్లూస్ టీమ్ వేలిముద్రలు తీసుకుంటుంది. జాగిలం కొబ్బరిచెట్ల మధ్యనుంచి తారురోడ్డు దాకా పరుగెత్తి ఆగిపోతుంది. ఆపైన హంతకుడి జాడ చెప్పాల్సింది ఊరే. ఊరేమో ‘‘నాకేటి తెల్దు బాబూ’’ అంటుంది. ఆ మాటలో అబద్ధం కన్నా జ్ఞాపకమే ఎక్కువని మా నమ్మకం.

కొత్తగా వచ్చిన అధికారికి ఆ జ్ఞాపకాలు తాను పుట్టకముందటి సంగతులు. 1969 మే 27న నక్సలైటు నాయకుడు పంచాది కృష్ణమూర్తినీ, సహచరులనూ పోలీసులు కాల్చిచంపారు. అదే ఏడాది డిసెంబరు 22న సుబ్బారావు పాణిగ్రాహి వంతు వచ్చింది. బొడ్డపాడు గుడిలో అర్చకుడిగా ఉండి, జముకుల కథ కట్టి ఊరూరా చెప్పిన మనిషాయన. కాగితాల మీద అవి ఎదురుకాల్పులు. పట్టుకుని చంపేశారన్నది ఊళ్ళ మాట. నక్సలైట్ల చేతుల్లో ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబాలూ ఈ జిల్లాలోనే ఉన్నాయి. వాళ్ళ దుఃఖమూ దుఃఖమే.

అది పాతకథగా మిగిలినా బాగుండేది. 2010 జులై 14న సోంపేట బీల అనే చిత్తడినేల కోసం నిలబడ్డవాళ్ళ మీద, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర, మళ్ళీ తుపాకులు పేలాయి, మళ్ళీ ప్రాణాలు పోయాయి. రెండుచోట్లా థర్మల్ కేంద్రం వద్దన్నదే జనం చేసిన నేరం. 2020 ఆగస్టులో కాశీబుగ్గలో ఒక దళిత యువకుణ్ణి ఇన్‌స్పెక్టర్ కాలితో తన్నుతున్న వీడియోను రాష్ట్రమంతా చూసింది. ఆయన సస్పెండయ్యారు. అయినా ఆ దృశ్యం చూసిన తల్లి తన కొడుకును సాక్ష్యం చెప్పమని స్టేషనుకు పంపుతుందా?

ఎన్‌కౌంటర్ మరణంపై కూడా కేసు నమోదు చేయాల్సిందేనని మన హైకోర్టు విస్తృత ధర్మాసనం 2009లో చెప్పింది. దర్యాప్తు సీఐడీ గానీ, వేరే స్టేషన్ గానీ చేయాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కాల్చిన చేతిని కూడా ప్రశ్నించాలన్న ఆ మాట బొడ్డపాడుకు నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఇంకో మాటా చట్టంలో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళనూ, పదిహేనేళ్ళలోపు, అరవై దాటిన మగవాళ్ళనూ, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళనూ సాక్ష్యం కోసం స్టేషనుకు రమ్మనకూడదు. పోలీసే వాళ్ళింటికి వెళ్ళాలి. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుతో, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళొచ్చే మనిషికి ఆ రక్షణ వర్తించకపోతే ఇంకెవరికి వర్తిస్తుంది? ఇలా లెక్కేస్తే ఉద్దానంలో సగం ఊరి సాక్ష్యం ఇళ్ళ అరుగుల మీదే తీసుకోవాలి.

ఒక అధికారి జీపు దూరంగా ఆపి నడిచి వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టి, అరుగు చివర కూర్చున్నాడనుకుందాం. హత్య మాట ఎత్తకముందే, ‘‘తాతా, అప్పట్లో మావాళ్ళు మీ అన్నను తీసుకెళ్ళారట కదా’’ అన్నాడనుకుందాం. ముసలాయన చాలాసేపు మాట్లాడడు. తర్వాత లోపలికి తిరిగి మంచినీళ్ళు తెమ్మని కోడలికి చెబుతాడు.