కక్కూసంటే భయపడే పిల్లల కోసం
ఐసీడీఎస్ సంచాలకులకు బహిరంగ లేఖ

తమిళనాడు సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం సంచాలకులకు,

తేని జిల్లా ఆండిపట్టి నుంచి రాస్తున్నాను. మా చుట్టుపక్కల నాయుళ్ల ఇళ్లలో, అరుంధతీయుల వీధుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటాం. ఈ లేఖ తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. మావాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు కొద్దిమందే. వాళ్లయినా చదివి మిగతా తల్లులకు, అవ్వలకు వినిపిస్తారని దీన్ని తెలుగులోనూ రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. బాల్వాడి (అంగన్‌వాడీ) మరుగుదొడ్డికి భయపడే పిల్లకు ఆ భయం తీర్చడం కూడా బాల్వాడి పనేనని మీ శాఖ ఒప్పుకోవాలి. ఆ పనికి టీచరమ్మకూ ఆయమ్మకూ శిక్షణ, వెసులుబాటు ఇవ్వాలి.

మన రాష్ట్రంలో రెండేళ్లు నిండిన పిల్లలు బాల్వాడికి వస్తారు. 1962లో బ్రేజల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు తన దగ్గరికి వచ్చిన 1,170 మంది పిల్లల వివరాలు చూసి, పగటిపూట ఒంటికి, రెంటికి తమంతట తాము వెళ్లడం సగటున 28.5 నెలలకు పూర్తిగా అలవడుతుందని రాశారు. అంటే రెండేళ్ల నాలుగున్నర నెలలు. అది సగటు మాత్రమే, ఇంకా ఆలస్యంగా నేర్చుకునే పిల్లలు ఎంతోమంది ఉంటారు. ఆ లెక్కన చూస్తే సరిగ్గా నేర్చుకునే రోజుల్లోనే పిల్ల మీ గడప తొక్కుతోంది. అలాంటప్పుడు "ఇంట్లో నేర్పించి పంపండి" అని తల్లికి చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ తల్లి పొద్దున్నే కూలికో సక్కంపట్టి మగ్గాలకో పోవాల్సిన మనిషి.

మా ఇళ్లలో నేర్పే పద్ధతి మీకు తెలియనిదేం కాదు. అవ్వ నేల మీద కాళ్లు చాపి కూర్చుని, రెండు పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టుకుంటుంది. బిడ్డ వీపు అవ్వ మోకాళ్లకు ఆనుతుంది, రెండు చేతులూ అవ్వ చేతుల్లో ఉంటాయి. కాస్త పెద్దయ్యాక వాకిట్లో, వెలుతురులో కూర్చుంటుంది, పక్కనే ఎవరో ఒకరు కబుర్లు చెబుతుంటారు. అక్కడి నుంచి ఒక్కసారిగా పిల్లను తడి నేల మీద, సగం చీకటి గదిలో, కాళ్లు పూర్తిగా ఎడం చేస్తే తప్ప అందని బేసిను మీద నిలబెడతాం. మధ్యలో నల్లటి గుంత. గోడ మీద బల్లి. బకెట్టెడు నీళ్లు దబ్బున పోస్తే తన ఒంట్లోంచి వచ్చింది గిర్రున తిరిగి కనిపించకుండా పోతుంది. తానెంత, ఆ గుంతెంత అని కొలిచి చూసుకునే తెలివి రెండేళ్లకు రాదు. దానితో పాటు తానూ పోతాననుకుంటుంది.

ఆ భయాన్ని ఉత్త పిచ్చి అని కొట్టిపారేయకండి. 2025 జనవరిలో విక్రవాండిలో ఒక బడి ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో పడి ఎల్‌కేజీ చదివే పసిపాప చనిపోయింది. ఆ వార్త విన్న రోజు మా వీధిలో ఎవరికీ అన్నం సయించలేదు.

మా మనవరాలు బాల్వాడిలో మరుగుదొడ్డి గుమ్మం దగ్గరే బిగుసుకుపోయేది. అక్కడ వెళ్లదు, ఇంటికొచ్చాకా వెళ్లదు, రెండు మూడు రోజులు బిగబట్టేది. కాళ్లు మెలివేసుకుని, ముఖమంతా ఎర్రబడి, గోడ పట్టుకుని నిలబడేది. ముక్కుతోందనుకున్నాం. డాక్టరు చెప్పాకే తెలిసింది, అది బయటికి పంపడానికి కాదు, ఆపుకోవడానికి పడే పాటు అని.

ఇక్కడే పెద్దవాళ్లం పొరబడతాం. బిగబట్టిన మలంలోని నీటిని పేగు పీల్చేస్తుంది, మలం గట్టిపడుతుంది. అది బయటికి వచ్చేటప్పుడు చీలిక పడి నొప్పి పుడుతుంది, ఒక్కోసారి నెత్తురు కూడా కనబడుతుంది. ఆ నొప్పి గుర్తున్న పిల్ల మరుసటిసారి ఇంకా గట్టిగా బిగబడుతుంది. ఇలా వారాలు గడిస్తే పెద్దపేగు చివరి భాగం సాగిపోయి, వస్తోందన్న కబురే పిల్లకు అందదు. గట్టి ఉండ పక్క నుంచి పలచటి మలం జారి లాగు పాడవుతుంది. దాన్ని విరేచనాలనుకుంటాం, లేదా మొండితనమని ఒక దెబ్బ వేస్తాం. ఆ పిల్లకు కావలసింది మలం మెత్తబడే మందు. డాక్టరు చెప్పినన్ని రోజులు, అవసరమైతే నెలల తరబడి వాడాలి. ఒకరోజు సాఫీగా అయిందని మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. నొప్పి పోనిదే ఎంత బుజ్జగించినా భయం పోదు.

భయం తీర్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు, కానీ తొందరపడితే కుదరదు. మొదట కొన్నాళ్లు పిల్ల ఆ గదిలోకి ఊరికే వెళ్లి రావాలి, తలుపు తెరిచే ఉండాలి. తర్వాత బట్టలతోనే కూర్చోవచ్చు. చిన్న పాటీ సీటు ఉంటే దాన్ని గది బయట పెట్టి, రోజుకు కాస్త లోపలికి జరపవచ్చు. పాదాలు గాలిలో వేలాడకూడదు, కింద పీటో ఇటుకో ఉండాలి. అన్నం తిన్న కాసేపటికి పేగు తనంతట తాను కదులుతుంది, కూర్చోబెట్టాల్సింది అప్పుడే. అదీ ఐదు నిమిషాలు చాలు. పిల్ల బయటికి వచ్చాకే నీళ్లు పోయాలి. లాగు తడిపినా నలుగురిలో పేరు పెట్టి పిలవకూడదు, "ఛీ" అనకూడదు.

డబ్బు లేదని మీరు అనరనే నమ్ముతున్నాను. మిషన్ సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పథకంలో ఒక్కో కేంద్రంలో మరుగుదొడ్డికి ఇచ్చే మొత్తాన్ని 12,000 నుంచి 36,000 రూపాయలకు పెంచారు. పసిపిల్లల కొలతలకు కట్టడం మన రాష్ట్రానికి కొత్త కూడా కాదు. తిరుచ్చి పేటల్లో గ్రామాలయ సంస్థ చిన్నపిల్లలకంటూ వేరే మరుగుదొడ్లు కట్టించి చాలా ఏళ్లయింది. తనిఖీకి వచ్చేవాళ్లు మరుగుదొడ్డి ఉందా లేదా అని రాసుకుంటారు. దాన్ని ఎంతమంది పిల్లలు వాడుతున్నారో, ఎవరు భయపడి బిగబడుతున్నారో కూడా రాయమని ఆదేశించండి. ఆ ఒక్క వరుస చేరిస్తే మిగతా చాలా సంగతులు వాటంతట అవే బయటపడతాయి. నీళ్లు లేక తాళం వేసిన గదులు కూడా. వైగై ఆనకట్ట పక్కనే ఉన్నా మాకు నీటి ఎద్దడి తప్పలేదు.

ఆయమ్మ గురించి ఒక మాట. వంట ఆమే చేయాలి, గిన్నెలు ఆమే తోమాలి, పిల్లల్ని ఆమే కడగాలి. భయపడే పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చోమని ఆమెకు చెప్పే ముందు, ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయో మీరు చెప్పాలి. చేతులకు తొడుగులు, సబ్బు, మార్చడానికి అదనపు లాగులు కేంద్రంలోనే ఉండాలి. పసిబిడ్డ మలం హాని చేయదని చాలామంది అనుకుంటారు గానీ అందులోనూ రోగాలు తెచ్చే క్రిములుంటాయి.

తెలుగింటి పిల్ల తన అవసరం తెలుగులోనే చెబుతుంది, టీచరమ్మకు అర్థం కాకపోవచ్చు. చేర్చుకునే రోజునే ఆ పిల్ల ఇంట్లో ఏమని అడుగుతుందో తల్లిని కనుక్కుని రిజిస్టరులో రాసుకుంటే చాలు.

1982 జులై 1న ఎం.జి.ఆర్. పౌష్టికాహార పథకం మొదలుపెట్టినప్పుడు పల్లెల్లో బాల్వాడి పసివాళ్లకూ అన్నం పెట్టారు. పిల్ల ఆకలి ప్రభుత్వ బాధ్యతేనని ఆనాడు ఒప్పుకున్నారు. 1984లో ఆయన అమెరికాలో ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఆయన్ను గెలిపించిన ఊరు మాది. తిన్న అన్నం నొప్పి లేకుండా, భయం లేకుండా బయటికి పోవడం కూడా ఆ బాధ్యతలో భాగమేనని మీరు ఒప్పుకోవాలని ఆ ఊరి నుంచి అడుగుతున్నాను.

తేని ప్రభుత్వ వైద్య కళాశాల మా పక్కనే, కె.విలక్కులో ఉంది. అక్కడి పిల్లల డాక్టర్లతో ఆండిపట్టి బ్లాకులోని టీచరమ్మలకు, ఆయమ్మలకు ఒక పూట శిక్షణ ఇప్పించండి. మునగాకు, ఆకుకూరలు సాంబారులో ఎంత వేస్తే పిల్లలకు మలం మెత్తగా అవుతుందో, మందు ఎప్పుడు అవసరమో వాళ్లే చెబుతారు. దానికన్నా ముందు, వానలు మొదలయ్యేలోగా, ప్రతి బాల్వాడిలో సెప్టిక్ ట్యాంకు మూతను ఒక ఇంజనీరు స్వయంగా తొక్కి చూసి సంతకం పెట్టాలి.

ఇట్లు,
బాల్వాడికి వెళ్లే ఒక పాప అవ్వ,
ఆండిపట్టి